కుళాయి దగ్గర కెమిస్ట్రీ మేడం

మేడం పోయారన్న కబురు మా కాలేజీ పాత స్టాఫు వాట్సాప్ గ్రూపులో చూశాను. దాని కింద అప్పటికే చాలామంది చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టి, పక్కనున్న ఇంకేదో మెసేజ్ తెరిచాను. సర్జాపుర రోడ్డు మీద ట్రాఫిక్ ఆగి ఉంది, చేతిలో ఫోను తప్ప వేరే పని లేదు. ఆవిడకు నేనిచ్చేది ఆ బొమ్మేనా అన్న సిగ్గు ఇల్లు చేరి చెప్పులు విప్పుతున్నప్పుడు కలిగింది. నా బుద్ధి మొదటినుంచీ అంతే. చెయ్యి ముందు కదులుతుంది, ఆలోచన వెనక వస్తుంది.

ఆవిడ కెమిస్ట్రీ చెప్పేవారు. బెంగళూరులో ఒక పీయూసీ కాలేజీలో, అంటే మన ఇంటర్మీడియట్ పిల్లలకు. నేను ఒంగోలు నుంచి వచ్చి అదే డిపార్టుమెంటులో చేరాను. నాకు ఎమ్మెస్సీలో బంగారు పతకం వచ్చింది. ఆ సంగతి ఎవరూ అడగకుండానే నేను స్టాఫు రూములో చెప్పుకుని ఉంటాను. ఎందుకంటే చేరిన వారంలోనే నా పేరు మారిపోయింది.

"ఏమప్పా గోల్డ్ మెడలూ, కాఫీకి వస్తావా, ఈడనే మెరుస్తా కూర్చుంటావా?"

ఆవిడకు అందరూ 'అప్పా'నే. పిల్లలు, ప్రిన్సిపాలు, గ్యాసు సిలిండరు తెచ్చేవాడు, ఆడపిల్లలు కూడా. ఆవిడది దేవనహళ్ళి వైపు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. క్లాసులో ఆ రెండూ కలిసి ప్రవహించేవి, మధ్యమధ్య ఇంగ్లీషు గులకరాళ్ళలా తగిలేది.

ఏ వస్తువునైనా ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడగా నేను చూడలేదు. సీసాను దూరంగా పట్టుకుని, దాని మూతి మీది గాలిని అరచేత్తో మెల్లగా తనవైపు తోసుకునేవారు. ల్యాబులో అందరం అలాగే చెయ్యాలి. ఆవిడ మాత్రం కాంటీను సాంబారును కూడా అలాగే చూసేవారు. గేటు బయట పూలమ్మి మల్లెపూల మూర అందిస్తే దానికీ అంతే, నాలుగు వేళ్ళతో గాలిని పిలవడం. ఒకసారి ఫిజిక్సు సారు తన నెలల బిడ్డను తీసుకొచ్చాడు. మేడం ఆ బిడ్డ నెత్తి మీది గాలిని కూడా చేత్తో తోసుకుని, కళ్ళు మూసుకుని, "పాల వాసన. పాస్" అన్నారు.

సీసా ఎత్తితే లేబులు అరచేతి లోపలికి ఉండాలి. కారిన చుక్క లేబులు మీద పడి అక్షరాలు తినెయ్యకూడదని. అది కూడా ఆవిడ చేతిలో ఎంతగా ఇంకిపోయిందంటే, లేబులే లేని మజ్జిగ గ్లాసును కూడా ఒకసారి తిప్పి చూసుకుని పట్టుకునేవారు.

ఇక ల్యాబులో ఆవిడ అరుపు ఒకటుండేది. "మూతి గోడకు!" టెస్ట్ ట్యూబును మంట మీద పెట్టినప్పుడు దాని నోరు మనుషుల వైపు కాక గోడ వైపు ఉండాలని. ప్రతి క్లాసులో, ప్రతి బల్ల దగ్గర, ఒకే గొంతుతో. పిల్లలు కారిడార్లో ఆవిడను అనుకరించేవాళ్ళు. నేను కూడా ఒకరోజు స్టాఫు రూములో అనుకరించి నవ్వించాను. నా బ్యాచికి ఆ జాగ్రత్త సంవత్సరం మొదట్లో ఒక్కసారి చెప్పాను. చెప్పిన మాట మళ్ళీ చెప్పడం తెలివితక్కువ పనని అప్పట్లో నా నమ్మకం.

యాసిడ్లు, బేసుల పాఠం నేను రెండు క్లాసుల్లో ముగించేవాణ్ణి. ప్రోటాను ఇచ్చేది యాసిడ్, పుచ్చుకునేది బేస్, రాసుకోండి, అయిపోయింది. అదే పాఠం ఆవిడ క్లాసులో ఎన్నాళ్ళయినా నడుస్తూనే ఉండేది. సిలబస్ వెనకబడుతోందని నేనే ఒకసారి ఆవిడతో అన్నాను. వయసులో నాకు తల్లిలాంటి మనిషికి నేను చెప్పాను!

"సిలబస్ అయిపోతాది లేప్పా," అన్నారు. "ఇది అయిపోదు. వచ్చి కూర్చో ఒకనాడు."

ఎగతాళికి ఏదైనా దొరక్కపోతుందా అని వెళ్ళాను. వెనక బెంచీలో కూర్చున్నాను.

బల్ల మీద రెండు సీసాలు ఉన్నాయి. ఒకదాంట్లో గాఢమైన అమోనియా ద్రావణం, రెండోదాంట్లో హైడ్రోక్లోరిక్ యాసిడ్. కిటికీలన్నీ తెరిపించారు. రెంటి మూతలూ తీసి, సీసాలను మెల్లగా దగ్గరికి జరిపారు. ఏ సీసా మీదా ఏమీ లేదు, ఖాళీ గాలి. అవి ఒకదాని పక్కకు ఒకటి రాగానే మధ్యలో తెల్లటి పొగ పుట్టింది. ఊదుకడ్డీ పొగలా చుట్టలు తిరుగుతూ లేచింది. పిల్లలు 'ఓ' అన్నారు.

"అరవద్దండప్పా, చూడండి. ఈడ ఒకడుండాడు, కనపడడు. ఆడ ఒకడుండాడు, వాడూ కనపడడు. మరి ఈ నడిమధ్యన కనపడేది ఎవరు?"

సీసాలను ఇంకాస్త దగ్గరికి జరిపారు.

"ఎవరిచ్చిరి? ఎవరు తీసుకునిరి?"

అది ఆవిడ ఊతపదం. స్టాఫులో ఇద్దరు పోట్లాడుకున్నా అదే అడిగేవారు. ముందు బెంచీలో ఒక సన్నటి పిల్ల లేచి, "హైడ్రోక్లోరిక్ ఇచ్చింది మేడం, అమోనియా తీసుకుంది" అని కన్నడంలో చెప్పింది.

"ఆ. ఇంత చిన్నది ఒకటి చెయ్యి మారింది. ఎంత చిన్నది? మీకు చెప్పనీకి నాకూ రాదు. అది చెయ్యి మారినందుకే కదా ఇద్దరూ మన కంటికి కనపడిరి!"

నాకు ఆ సమీకరణం చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు. ఆ పొగ కూడా ఎన్నోసార్లు చూశాను. కానీ పొగను చూస్తూ సమీకరణాన్ని, సమీకరణం రాస్తూ పొగను ఎన్నడూ తలుచుకోలేదు. అవి రెండూ ఒకటేనని ఆరోజు వెనక బెంచీలో కూర్చుని మొదటిసారి గ్రహించాను.

తర్వాత స్టీలు గ్లాసులో నీళ్ళు తెప్పించారు. అమోనియా ఎదురుపడితే ఈ నీళ్ళు ప్రోటాను ఇస్తాయి, అప్పుడు ఇవి యాసిడ్. హైడ్రోక్లోరిక్ ఎదురుపడితే పుచ్చుకుంటాయి, అప్పుడు ఇవే బేస్. ఎవరూ ఎదురుపడకపోతే తమలో తామే ఇచ్చుకుంటాయి, పుచ్చుకుంటాయి. వెనిగర్లో ఉండే యాసిడ్ కూడా, తనకంటే చాలా బలమైన యాసిడ్ ముందు నిలబడితే, పుచ్చుకునే బేస్ అవుతుంది. "యాసిడ్ అని ఎవరికీ బారసాలనాడు పేరు పెట్టరప్పా. ఎదుట ఎవరుండారో చూసి చెప్పల్ల."

"నీళ్ళల్లో ఆ ప్రోటాన్ ఎవరి దగ్గరుంటుంది మేడం?" అని ఒకడు అడిగాడు.

"ఎవరి దగ్గరా నిలవదు. బెంగళూరులో బాడుగకుండేవాళ్ళ కంటే బిరీన ఇల్లు మారుస్తాది. అడ్వాన్సు లేదు, అగ్రిమెంటు లేదు." క్లాసంతా నవ్వింది. ఆవిడ మాత్రం గ్లాసును ఎత్తి కిటికీ వెలుతురులో పట్టుకుని, మాట మరిచిపోయినట్టు నిలబడిపోయారు. "ఎంత సుమ్నే ఉండాది చూడు పైకి," అన్నారు. ఊరకే, ఏమీ ఎరగనట్టు అని. ఎన్నేళ్ళుగానో చెబుతున్న పాఠం అది. ఆ ముఖంలో ఆశ్చర్యం మాత్రం పొద్దునే పుట్టినట్టుంది.

ఆ క్లాసులో జవాబు చెప్పిన సన్నపిల్ల పేరు మంజుల. వాళ్ళ నాన్న హెబ్బగోడిలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు. వాళ్ళింట్లోనూ మేడం మాట్లాడే తెలుగే. పాఠాలు మేడం దగ్గర వినేది కానీ, ప్రాక్టికల్సుకు నా బ్యాచిలో ఉండేది.

వేసవి దగ్గరపడ్డ రోజులు. కాలేజీలో బోరు ఎండిపోయి, ట్యాంకరు వస్తేనే నీళ్ళు. నా బ్యాచి ఆరోజు లవణాల పరీక్ష చేస్తోంది. ఇచ్చిన ఉప్పులో అమోనియం ఉందో లేదో తేలాలంటే, టెస్ట్ ట్యూబులో దాని మీద సోడియం హైడ్రాక్సైడు పోసి వేడి చెయ్యాలి. ఆ ద్రావణం గట్టి క్షారం. నిమ్మళంగా వేడెక్కకపోతే అడుగున ఒక్కసారి పొంగి, మొత్తం మూతిలోంచి చిమ్ముతుంది. కళ్ళకు పెట్టుకునే అద్దాలు మా దగ్గర ఉన్నాయి, అలమారలో. తాళం నా జేబులో. నేను గుమ్మం దగ్గర ఫోను చూసుకుంటున్నాను.

కేక వినపడి తిరిగేసరికి మంజుల కుడి కన్ను రెండు చేతులతో మూసుకుని వంగిపోయి ఉంది. పక్క కుర్రాడి చేతిలో ట్యూబు, మూతి ఇంకా ఆమె వైపే ఉంది.

నేను పరిగెత్తాను. నా తలలో సమీకరణం సిద్ధంగా ఉంది. పడింది బేస్. కాబట్టి యాసిడ్ కావాలి. షెల్ఫులోంచి పలచటి ఎసిటిక్ యాసిడ్ సీసా లాగాను, మూత తీశాను. చదువులేని మనిషి ఎవరు పక్కన ఉన్నా ముందు చెంబెడు నీళ్ళు పోసి ఉండేవాడు. కంట్లో పొయ్యడానికి యాసిడ్ వెతకాలంటే మాలా చదివి ఉండాలి.

"చెయ్యి తియ్యి, కన్ను తెరువు," అని ఆ పిల్లతో అంటున్నాను. ఎవరో నా మోచేతి మీద బలంగా కొట్టారు. సీసా కిందపడి పగిలింది. గదంతా వెనిగర్ వాసన.

"మేడం, న్యూట్రలైజ్ చేస్తే..."

"పేపరు మీద సరే! కన్ను పేపరా?"

పక్క ల్యాబునుంచి ఎలా వచ్చారో, అప్పటికే మంజులను నడుముపట్టి కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్తున్నారు. కుళాయికి ఒక రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది. దాంతో ధార సన్నంగా, మెత్తగా వస్తుంది. పిల్ల తలను సింకు మీదికి పక్కకు వంచి, మంచి కన్ను పైకి, మండే కన్ను కిందికి ఉండేట్టు పట్టుకుని, బొటనవేలితో పైరెప్పనూ చూపుడువేలితో కిందిరెప్పనూ విడదీసి నీళ్ళు పెట్టారు. ఆ పిల్ల గింజుకుంది. గోళ్ళతో ఆవిడ ముంజేతిని గీరింది. ఆవిడ చెయ్యి కదల్లేదు.

"మంటగా ఉండాది మేడం, వద్దు మేడం..."

"ఉంటాది. పొద్దున ఏం తినొస్తివి?"

"మేడం..."

"చెప్పప్పా, ఏం తినొస్తివి?"

"చిత్రాన్నం..."

"శెనక్కాయ గింజలు ఏసిందా మీ అమ్మ? వెయ్యలేదా? నిమ్మకాయ పిండిందా, మామిడికాయ తురిమిందా? మామిడికాయనా! నాకెందుకు తేలేదు? కన్ను పైకి చూడు. ఇప్పుడు కిందికి. నీ టిఫినీ డబ్బా రేపట్నుంచి నా దగ్గరికి రావల్ల. అటు చూడు. గోడ పక్క."

ప్రిన్సిపాలు వచ్చి, ఇక చాలు, వెంటనే ఆస్పత్రికి పంపండి, వాళ్ళ నాన్న వస్తే నేనేం చెప్పాలి అని తొందర పెట్టాడు. నేనూ అదే అన్నాను. అంతసేపు నీళ్ళు పోశాం కదా, ఇంకేముంటుందని నా లెక్క.

"గోల్డ్ మెడలూ, ఎర్ర లిట్మస్ తే," అన్నారు.

తెచ్చాను. ధార ఒక్క క్షణం పక్కకు తీసి, కిందిరెప్ప అంచున నిలిచిన తడికి కాగితం అంటించమన్నారు. ఎర్ర కాగితం చిక్కటి నీలమైంది. క్షారం లోపలే ఉంది, కంట్లోంచి ఊరుతూనే ఉంది.

"ఇప్పుడు మంచి కంటికి ఒకటి అంటించు. అది ఏ రంగుకొస్తాదో పట్టి పెట్టుకో. ఈ కన్ను ఆ కన్ను మాదిరి అయ్యేదాకా నేను ఈడనుంచి కదలను. వాళ్ళ నాయన వస్తే ఈడికే రమ్మను, సార్."

ఆ రెండో కాగితం నా ఎడమచేతి వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డాను. కొలత అదే. పుస్తకంలో సంఖ్య కాదు, ఈ పిల్లదే రెండో కన్ను. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ మాట లేదు. ఆవిడ అప్పటికప్పుడు, మంటకు ఏడుస్తున్న పిల్లను పట్టుకుని, దాన్ని ఆలోచించారు.

కాసేపటికి కుళాయి ధార సన్నబడింది. దగ్గింది. ఆగిపోయింది. ట్యాంకరు ఇంకా రాలేదు.

నేను కొయ్యబారిపోయాను. ఆవిడ తలెత్తకుండానే, "స్టాఫు రూములో తాగేనీళ్ళ క్యానుండాది, తే. పిల్లోళ్ళూ, మీ బాటిళ్ళు ఈడ పెట్టండి, అన్నీ!" అన్నారు. క్యాను భుజాన వేసుకుని నేనొచ్చేసరికి సింకు గట్టు మీద సీసాల వరస నిలబడి ఉంది. రంగురంగుల ప్లాస్టిక్‌వి, స్టీలువి, కార్టూను బొమ్మలున్నవి. ట్యూబు పట్టుకున్న కుర్రాడు ఏడుస్తూనే ఒక్కొక్కదాని మూత తీసి ఇస్తున్నాడు. ఆవిడ అరచేతిలోంచి నీళ్ళు ధారకట్టి దించుతున్నారు. ఒక్క చుక్క దూకుడుగా పడలేదు. పక్క క్లాసుల పిల్లలు కూడా సీసాలు పట్టుకుని గుమ్మం దాకా బారులు తీరారు. ఆవిడ గొంతు ఒక్కటే, చిత్రాన్నం నుంచి ఉగాది ఒబ్బట్ల దాకా వచ్చింది.

లిట్మస్ నీలం. మళ్ళీ నీలం. తర్వాత కొంచెం తక్కువ నీలం. నేను 'అయిపోయింది' అనబోయి, ఎడమచేతిలోని కాగితం చూసి నోరు మూసుకున్నాను. క్యాను అడుగంటబోతుండగా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. ఏది ఏ కంటిదో చెప్పలేకపోయాను. ఆవిడకు చూపించాను. చాలాసేపు చూశారు.

"ఆటో పిలువు," అన్నారు. "మిగిలిన నీళ్ళు తీసుకో. దారిలో పొయ్యల్ల."

ఆస్పత్రిలో కంటి డాక్టరు పరీక్ష చేసి, నల్లగుడ్డు పైపొర గీరుకుపోయింది, లోతుకు దిగలేదు, మందులు వాడితే పూడుతుంది అంది. మీరేం చేశారని అడిగింది. నేను చెప్పబోయాను. మేడం అడ్డుపడి, "నీళ్ళు పోస్తిమి, అంతే" అన్నారు. ఆవిడ చీర మోకాళ్ళదాకా తడిసి ఉంది. ముంజేతి మీద గోళ్ళ గీతలు ఎర్రగా ఉబ్బాయి. బయట బల్ల మీద కూర్చుని కొంగు పిండుకున్నారు.

"నీ మీద కోపం లేదప్పా," అన్నారు, నేను అడగకపోయినా. "నీకు సమీకరణం బాగా తెలుసు. ఆ పిల్ల కంట్లో ఎంత పడిందో తెలుసునా? నువ్వు ఎంత పోద్దువో తెలుసునా? ఆ రెండూ కలిస్తే వేడి పుట్టేది ఎవరి లోపల?"

నేను తల వంచుకున్నాను. కనీసం ఏడుపు రావాలి కదా, అదీ రాలేదు. ప్రిన్సిపాలు నన్నేమంటాడోనన్న ఆలోచనే లోపల తిరుగుతోంది. ఈ మాట రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మంజుల కన్ను మానింది. డాక్టరు బాగుందని కాగితం మీద రాసిచ్చింది. కానీ ఆ పిల్ల నమ్మలేదు. ఆ కంటికి అంతా మంచుపట్టినట్టు ఉంటోందని, సైన్సు వదిలేసి కామర్సుకు మారతానని వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడి, "డాక్టరు బాగుండాది అంటాది, పిల్ల లేదంటాది. ఎవరి మాట పట్టుకునేది మేడం?" అన్నాడు.

"ఎవరిదీ వద్దు," అన్నారు మేడం. "ల్యాబుకు రాండి."

మంజుల గుమ్మంలోనే ఆగిపోయింది. మేడం చెయ్యిపట్టి లోపలికి తెచ్చి, అలమారలోంచి అద్దాలు తీసి ఆమెకు పెట్టారు, నాకూ పెట్టారు. ఫ్లాస్కులో పలచటి యాసిడ్ పోసి, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేశారు. పైన బ్యూరెట్టులో, అంటే చుక్కచుక్కగా వదిలే కొలత గొట్టంలో, క్షారం. యాసిడ్ పూర్తిగా తీరిపోయి క్షారం ఒక్క చుక్క మిగిలిన క్షణాన ఫ్లాస్కులో నీళ్ళు లేత గులాబీకి తిరుగుతాయి. ఎంత లేతగా పట్టుకుంటే అంత మంచి కన్ను. కొంచెంసేపు వదిలేస్తే ఆ రంగు తనంతట తానే పోతుంది.

"ఒక కన్ను మూసుకో," అన్నారు ఆ పిల్లతో. నాతో, "చుక్కలు నువ్వు వెయ్యి. నోరు తెరవొద్దు. ఆ పిల్ల చెప్తాది" అన్నారు.

మంజుల అద్దం మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఫ్లాస్కు మీదికి వంగింది. నేను చుక్క తర్వాత చుక్క వదిలాను. పడినచోట గులాబీ మెరిసి, తిప్పగానే మాయమవుతోంది. వాళ్ళ నాన్న నా భుజం పక్కనుంచి ఫ్లాస్కులోకి తొంగి చూస్తున్నాడు.

"చాలు సార్," అంది.

బ్యూరెట్టు బిరడా కట్టేసి చూశాను. నీళ్ళలో నాకు ఏ రంగూ కనపడలేదు. మేడం కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని చూశారు. ఆవిడకూ కనపడలేదు.

"ఉండాది మేడం," అంది మంజుల. "లేతలేత."

మేడం ఒక తెల్లకాగితం తెచ్చి ఫ్లాస్కు కింద పరిచారు. ముగ్గురం వంగాం. కాగితం తెలుపు పక్కన అప్పుడు తెలిసింది. ఉందా లేదా అన్నంత గులాబీ. నేనైతే ఇంకో రెండు చుక్కలు వేసేవాణ్ణి.

మేడం ఆ రంగు పోయేదాకా అలాగే వంగి చూస్తూ ఉండిపోయారు.

అంత చూశాక కూడా నాకు అనుమానం పోలేదు. "మంజులా, నువ్వు మూసుకున్నది ఏ కన్ను?" అని అడిగాను.

"బాగున్న కన్ను సార్," అంది, ఎడమ కంటి మీది చెయ్యి తియ్యకుండానే.